హార్మోనియం తిరిగిన గుమ్మాలు

(విశాఖపట్నం పాత నగరంలో జరిగిన సర్వమత భక్తి సంగీత ఉత్సవంలో మొదటి సాయంత్రం ఒక హార్మోనియం కళాకారుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకి నమస్కారం. పెద్దలకీ, అమ్మలకీ, ముందు చాపల మీద కూర్చుని చిప్స్ ప్యాకెట్లు చప్పుడు చేస్తున్న బుడతలకీ అందరికీ నమస్కారం. మైకు కాస్త తగ్గించు బాబూ, నా గొంతు నాకే భయమేస్తోంది. (నవ్వులు)

హార్మోనియం వాయించేవాడికి మాట్లాడటం అలవాటుండదండీ. మా పనల్లా పాడేవాళ్ల వెనకాల నడవడమే. వాళ్లు ఆగితే మేం ఆగాలి, వాళ్లు శృతి తప్పితే మేం కప్పిపుచ్చాలి. అందుకే పెట్టె కూడా వెంట తెచ్చుకున్నాను. మాట తడబడితే వాయించేసి బయటపడతాను.

కమిటీ కుర్రాళ్లు వచ్చి "మాస్టారూ, మతసామరస్యం మీద మంచి మెసేజ్ ఇవ్వండి" అన్నారు. నా దగ్గర మెసేజ్ ఏమీ లేదు. ఉన్నదల్లా కొంచెం చరిత్ర, ఒక ఫిర్యాదు. ఫిర్యాదు తర్వాత చెప్తాను. ఇప్పుడే చెబితే భోజనం పెట్టకుండా పంపేస్తారు.

ముందు మన ఊరి సంగతి. ఇక్కణ్ణించి పోర్టు వైపు వెళ్తే వరసగా మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా ఔలియా దర్గా, మూడోది రాస్ హిల్, దాని మీద మేరీమాత చర్చి. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకుంటే తర్వాత అదే ప్రార్థనాలయం అయింది. ఊరికి చుట్టాలొస్తే మనం ఈ మూడు కొండలూ చూపించి ఫొటో తీయిస్తాం. మంచిదే. కానీ ఫొటోలో వినిపించని సంగతొకటుంది. దర్గా గురించి పాత జిల్లా గెజిటీర్‌లో రాశారు: రేవు దాటే దేశవాళీ ఓడలు ఆ కొండకి ఎదురుగా వచ్చేసరికి జెండా మూడుసార్లు దించి ఎత్తేవట. బంగాళాఖాతంలో గాలీ వానా ఆ ఔలియా మాట వింటాయని నమ్మకం. సముద్రం మీదికి పోయేవాడికి ప్రాణభయం ఉంటుంది కదా, ఆ భయానికి కులమతాల పట్టింపు తక్కువ. భక్తి పాటల్లో సగం ఆ భయంలోంచి పుట్టినవే అని నాకనిపిస్తుంది. మిగతా సగం ఆకలిలోంచి.

సర్వమత సంగీతోత్సవం అని ఇవాళ మనం బ్యానరు కట్టాం గానీ, మన ఊళ్లో అది ఏటా బ్యానరు లేకుండానే జరుగుతోంది. ఎప్పుడు? నవంబరు సగం నుంచి సంక్రాంతి దాకా. చూడండి. అయ్యప్ప మాలలు మొదలవుతాయి. సాయంత్రమైతే వీధికొక పడిపూజ, భజన. మార్గశిరం రాగానే బురుజుపేట అమ్మవారి దగ్గర గురువారాల రద్దీ. కనకమహాలక్ష్మికి పైన కప్పు లేదు, మధ్యలో పూజారి ఉండాలన్న పట్టు లేదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. అక్కడ పాట కూడా అంతే. క్యూలో నిలబడ్డ అమ్మలు ఎవరికొచ్చింది వాళ్లు అందుకుంటారు, ఒకావిడ మంగళహారతి, వెనకావిడ లక్ష్మీ స్తోత్రం, రెండూ ఒకేసారి. డిసెంబరు 8న రాస్ హిల్ మీద మేరీమాత పండగ, మెట్ల మీద జపమాల చెప్పుకుంటూ ఎక్కేవాళ్లు. ఇంకో వారం దాటితే ధనుర్మాసం, తెల్లవారుజామున మైకులో తిరుప్పావై. అవే రోజుల్లో రాత్రిపూట చర్చి కుర్రాళ్లు క్యారల్స్‌కి బయల్దేరతారు, ఒక గిటారు, ఒక డ్రమ్ము, ఆటోలో స్పీకరు. ప్రవక్త పుట్టినరోజు మిలాద్ పండగ చంద్రుడి లెక్క ప్రకారం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్లకొకసారి అదీ డిసెంబర్లోకే వచ్చి పడుతుంది, ప్రవక్త మీద నాత్‌లు పాడుకుంటూ ఊరేగింపు. జనవరి వచ్చిందంటే హరిదాసు తంబురా, గంగిరెద్దులాయన సన్నాయి.

ఈ రెండు నెలలూ మా హార్మోనియం వాళ్లకి నిద్ర ఉండదు. పొద్దున్న ఒక గుమ్మం, రాత్రి ఇంకో గుమ్మం. ఎక్కడికెళ్లినా కవరు చేతిలో పెట్టి, తినకుండా వెళ్తే ఊరుకోరు. ఒకచోట పులిహోర, ఒకచోట కేకు, ఒకచోట బిరియానీ. మా ఇంటావిడ అంటుంది, "మీకు భక్తి లేదండీ, కడుపు ఉంది" అని. (నవ్వులు)

ఇదిగో, ఈ పెట్టె సంగతికొస్తాను. ఇది ఏ మతానిది?

దీన్ని 1840ల్లో పారిస్‌లో డెబాన్ అనే ఆయన పేటెంటు చేయించాడు. అప్పుడిది కాలితో తొక్కే పెట్టె. పెద్ద పెద్ద చర్చిల్లో గొట్టాల ఆర్గన్లు ఉంటాయి కదా, అంత డబ్బు లేని చిన్న చర్చిలకి ఇది బాగా కుదిరింది. మిషనరీలు ఓడల్లో ఇక్కడికి తెచ్చారు. మనం కుర్చీలో కూర్చుని పాడే రకం కాదు కదండీ. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే ఆయన దీన్ని కుదించేశాడు. కాళ్ల దగ్గరి తిత్తి తీసేసి వెనకాల చేతి తిత్తి పెట్టాడు. ఎడమ చేత్తో గాలి, కుడి చేత్తో పాట. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని వాయించుకునే వీలొచ్చింది. ఇంకేముంది, ఒక తరం తిరిగేలోపు భజన మందిరంలో ఇదే, దర్గా ముందు కవ్వాలీలో ఇదే, గురుద్వారాలో కీర్తన పాడే రాగీల ముందు ఇదే, మా పద్యనాటకాల స్టేజీ పక్కన ఇదే. చర్చి నుంచి వచ్చి ఊరంతా తిరిగి, చేతి పెట్టెగా మారి మళ్లీ చర్చికి వెళ్లింది. పల్లెటూరి చర్చిల్లో చూడండి, కాలితో తొక్కేది ఎక్కడా కనపడదు, ఈ చేతి పెట్టే.

లోపల ఏముంటుందో తెలుసా పిల్లలూ? ఇత్తడి రీడ్లు. సన్నటి నాలుకలు, వేలితో నొక్కే ఒక్కో మెట్టుకి ఒక్కోటి, డబుల్ రీడు పెట్టె అయితే రెండు. గాలి తగిలితే వణుకుతాయి, ఆ వణుకే స్వరం. శృతి తప్పితే ఎలా సరిచేస్తారంటే, నాలుక కొసన కాస్త గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. అది కూడా వెంట్రుకవాసి గీకాలి. ఒక గీత ఎక్కువైందా, ఆ రీడు పారేయడమే. మన విశాఖ గాలి దీనికి పెద్ద శత్రువు. ఉప్పు, తేమ. ఇత్తడి పచ్చబడుతుంది, చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుంటాయి. బీచ్ రోడ్డులో ఆరుబయట కచేరీ అంటే మాకు టెన్షనే. నాకే కాదు, పక్కన ఢోలక్ వాయించేవాడికి ఇంకా టెన్షన్, తోలు జావగారిపోతుంది. నీళ్లలో మునిగినట్టు "బొద్దు బొద్దు" మంటుంది. ఇవాళ ఎండ బాగా కాసింది కాబట్టి బతికిపోయాం.

ఈ పెట్టెని తిట్టినవాళ్లూ తక్కువ కాదు. ఆకాశవాణిలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియం మీద నిషేధం. టాగూరుకీ ఇదంటే గిట్టేది కాదు. ఎందుకు? ఒక్కసారి వినండి.

(హార్మోనియం మీద సా నుంచి పై సా దాకా వాయించారు.)

ఇదేంటి? అమ్మా, మీరు చెప్పండి. శంకరాభరణం. అవును. అదిగో, వెనకాల సర్దార్ గారు నవ్వుతున్నారు, ఆయన లెక్కలో ఇది బిలావల్. సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ సాహిబ్‌లో ఉన్న 31 ప్రధాన రాగాల్లో బిలావల్ ఒకటి. ఇటు చర్చిలో పాడే క్వయర్ పిల్లల్ని అడిగితే మేజర్ స్కేల్ అంటారు. ఏడు మెట్లూ అవే. ఇది వినగానే ఉపన్యాసకులందరూ ఒక మాట అంటారు, "చూశారా, స్వరాలు ఏడే, దేవుడు ఒక్కడే" అని. చప్పట్లు కూడా కొడతాం. నేను అక్కడే బ్రేకు వేస్తాను.

శంకరాభరణం పాడేవాడు గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, ఇలా కర్ర పాతినట్టు నిలబెట్టడు. దాన్ని ఊపుతాడు, కింద నుంచి తెచ్చి ఆడిస్తాడు. మా పెట్టెలో ఆ ఊపు లేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య చోటు లేదు. అదే ఆకాశవాణి వాళ్ల కోపం, న్యాయమైన కోపం. మరి చర్చి పాట? వాళ్లకి స్వరం ఊగకూడదు. ఎందుకంటే వాళ్లు ఒకేసారి నాలుగు గొంతులు పాడతారు, సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్, నాలుగింటికీ నాలుగు వేరు దారులు. ఆ నాలుగూ ఒకదాని మీద ఒకటి నిలబడాలంటే ఏదీ కదలకూడదు. (మూడు మెట్లు కలిపి నొక్కారు.) ఇదిగో, ఇలా. ఇది శంకరాభరణం విద్వాంసుడి దగ్గర నొక్కితే లేచి వెళ్లిపోతారు. అక్కడ ఊపిందే అందం, ఇక్కడ ఊపకపోవడమే అందం. అవే ఏడు మెట్లు, రెండు చోట్లా రెండు మర్యాదలు. ఈ తేడా వినిపించకపోతే మనం రెండింటినీ విననట్టే లెక్క.

ఇచ్చిపుచ్చుకోవడాలు లేవని కాదు, బోలెడున్నాయి. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో ఇంగ్లీషు వాళ్ల బ్యాండు విని ఆ బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు, నొట్టుస్వరాలంటారు, నలభైకి అటూ ఇటూగా ఉన్నాయి, అన్నీ ఈ శంకరాభరణం మెట్ల మీదే. అందులో ఒకటి అచ్చంగా ఇంగ్లీషు రాజుగారి గీతం బాణీ. రాజుగారి జాగాలో అమ్మవారు వచ్చి కూర్చుంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల ఫిడేలు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఆ ఫిడేలే మన పక్కనే విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో ఎలా పలికిందో ఇక్కడ పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఎదురు దిక్కు నుంచి కూడా వచ్చింది. లండన్ మిషన్ వాళ్లు 1805లో మన విశాఖపట్నంలోనే దిగారు, క్రాన్, డేగ్రాంజ్ అని ఇద్దరు. బైబిలుని తెలుగు చేసే పని ఇక్కడే మొదలుపెట్టారు, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో. తెలుగులో పుస్తకమైతే వచ్చింది గానీ తెలుగువాడికి ఇంగ్లీషు కీర్తన నోరు తిరగలేదు. అప్పుడు మన ఉత్తరాంధ్ర, ఒరిస్సా సరిహద్దుల్లో తిరిగిన పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్లు కలం పట్టారు. 19వ శతాబ్దం మనిషి. పల్లవి, అనుపల్లవి, చరణాలు, అంతా మన కీర్తన పద్ధతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూడండి, పాట నెత్తి మీద రాగం ఫలానా, తాళం ఫలానా అని అచ్చు వేసి ఉంటుంది. ఇప్పటి కుర్రాళ్లు ఆ రాగం గడి చదవకుండా కీబోర్డులో రిథమ్ నొక్కేసి పాడేస్తున్నారు. చర్చి వాళ్లనే ఎందుకు అనాలి, మన భజనల్లోనూ ఎలక్ట్రానిక్ ప్యాడు చప్పుడే కదా. ఏ గుమ్మం ముందు నిలబడ్డా అదే "డిష్షుం డిష్షుం". ఈ ఒక్క విషయంలో మాత్రం సర్వమత ఐక్యత సాధించేశాం. (నవ్వులు, చప్పట్లు)

నాగస్వరం సంగతి చెప్పకపోతే పాపం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గారు శ్రీరంగం వెళ్లి స్థిరపడి, రంగనాథుడి ఆస్థాన విద్వాంసులయ్యారు. భద్రాచలం రాముడి గుడిలో నాగస్వరం వాయించిన షేక్ హసన్ సాహెబ్ గారికి 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ ఇచ్చారు. చిలకలూరిపేట వైపు వెళ్తే ఈ వాయిద్యం తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది. మేల్కొలుపు వాళ్లు వాయిస్తేనే దేవుడు లేస్తాడు. అలాగే పంజాబులో. గురునానక్ పాడుతుంటే పక్కన రబాబ్ అనే తంత్రీ వాయిద్యం వాయించిన భాయ్ మర్దానా పుట్టుకతో ముస్లిం. ఆ రబాబీల సంప్రదాయం వాళ్లు 1947 దాకా అమృత్‌సర్ హర్‌మందిర్‌లో, అదే స్వర్ణ దేవాలయంలో, కీర్తన చేశారు. దేశం ముక్కలయ్యాక వాళ్లు అటు వెళ్లిపోవాల్సి వచ్చింది. సర్దార్ గారు తలూపుతున్నారు. ఒక గీత గీస్తే ఏమవుతుందో పాట పాడేవాడికి ముందు తెలుస్తుంది.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. మనం కూచిపూడిలో, భజనల్లో అష్టపదులు పాడుకుంటాం కదా, ఆ జయదేవుడి పదాలు రెండు గురుగ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి, ఒకటి గూజరీ రాగంలో, ఒకటి మారూలో. కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీద్ కూడా అందులోనే. మన హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు ఉమర్ ఖయ్యాం రుబాయిలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. గజ్జె కట్టి రామకథ చెప్పే మనిషికి పారసీ కవి మీద ప్రేమేమిటని విజయనగరంలో ఎవరూ తలలు బాదుకోలేదు. ఇవన్నీ ఎవరూ మీటింగు పెట్టి తీర్మానం చేసి చేసినవి కావు. పాట బాగుంది, తెచ్చుకున్నారు. వాయిద్యం బాగుంది, పట్టుకున్నారు. అంతే.

ఇప్పుడు నా ఫిర్యాదు.

కార్యక్రమం కాగితం చూశాను. మూడో రోజు రాత్రి చివర్లో "గ్రాండ్ ఫినాలే" అని ఉంది. కవ్వాల్ గారూ, గురుగ్రంథంలోని శబద్‌లు పాడే రాగీలూ, క్వయరూ, భజన బృందం, వేదపండితులూ అందరూ వరసగా నిలబడి ఒకే పాట. తలా ఒక లైను. వెనకాల డ్రమ్ములు, పొగ మిషను. ఇది వద్దు అని నేను కమిటీకి చెప్పాను, ఇప్పుడు అందరి ముందూ మళ్లీ చెప్తున్నాను. పులిహోర, బిరియానీ, కేకు ఒకే గిన్నెలో వేసి కలిపితే సామరస్యం రాదు, వాంతి వస్తుంది. (చప్పట్లు)

కవ్వాలీకి ఒక వరస ఉంది. ముందు హమ్ద్, అల్లాని పొగిడేది. తర్వాత నాత్, ప్రవక్త మీద. ఆ తర్వాత మన్‌ఖబత్, ఆ దర్గా ఔలియా మీదో పెద్దల మీదో. అప్పుడు గానీ ప్రేమ కవిత్వంలోకి దిగరు. దిగాక ఒక్కొక్క లైనుని పట్టుకుని తిప్పుతారు, పక్క గొంతులు అందుకుంటాయి, చప్పట్ల జోరు పెరుగుతుంది, వినేవాడిలో ఎవరికైనా ఒక మాట గుండెకి తగిలిందనుకోండి, లేచి వచ్చి నోటు ముందు పెడతాడు, ఆ మాటనే మళ్లీ మళ్లీ పాడతారు అతని కోసం. అరగంట పట్టినా సరే. ఈ మనుషుల్ని పట్టుకుని "మీకు ఒక నిమిషం, రెండు లైన్లు" అంటే వాళ్లు ఏం పాడతారు? మర్యాదకి ఒప్పుకుంటారు, అది వేరే విషయం. శబద్ కీర్తన కూడా అంతే. పదంలో "రహావు" అని గుర్తు పెట్టిన పంక్తి మన పల్లవిలాగా మళ్లీ మళ్లీ రావాలి. దాన్ని కత్తిరిస్తే పాట నిలవదు.

అసలు వేదిక మీదికి రానక్కర్లేనివి కూడా ఉన్నాయి. అజాన్ ఉంది. ఖురాన్ పఠనం ఉంది. వినడానికి ఎంత కమ్మగా ఉన్నా వాళ్లు దాన్ని సంగీతం అనరు. మనం ప్రేమతోనే "మీ అజాన్ కూడా ఒకసారి స్టేజీ మీద వినిపించండి" అంటాం, వాళ్లకి ఎలా కాదనాలో తెలీదు. వేదం కూడా ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే మూడు స్వరాల ప్రకారం చెప్పేదే గానీ కచేరీ కాదు. చివర్లో చప్పట్లు కొడితే ఘనాపాఠీ గారి మొహం చూడాలి. బౌద్ధ భిక్షువుల శీలాల్లో ఆటపాటలకి దూరంగా ఉండటం ఒకటి, అయినా వాళ్ల పాళీ పఠనంలో ఒక లయ ఉంది, అది వినాలంటే వాళ్ల పద్ధతిలో వినాలి. తొట్లకొండ మన బీచ్ రోడ్డు మీదే ఉంది కదా, ఒక పొద్దున్న అక్కడికి పిలిచి కూర్చోపెడితే సరిపోతుంది. గురుగ్రంథ సాహిబ్ ఉన్న చోట తలకి గుడ్డ ఉండాలి, చెప్పులు బయట ఉండాలి, కాబట్టి వాళ్లని ఇక్కడికి లాక్కురావడం కంటే మనమే నడిచి గురుద్వారా జంక్షన్‌కి వెళ్లి వినడం మేలు. లంగర్, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, కూడా ఉంటుంది. ఇందాక కడుపు అన్నాను కదా.

మొరాకోలో ఫెజ్ అనే పాత ఊరుంది. గల్ఫ్ యుద్ధం తర్వాత, 1994లో, అక్కడ ప్రపంచ పవిత్ర సంగీతోత్సవం మొదలుపెట్టారు. వాళ్లు ఎంచుకున్న పద్ధతి నాకు నచ్చుతుంది. ఊరి పాత కట్టడాల్లో, తోటల్లో ఒక్కో సాయంత్రం ఒక్కో సంప్రదాయం. వినేవాడు ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి నడుస్తాడు. మన పాత నగరం వన్‌టౌన్‌కి ఇది ఇంకా సులువు. గుడి, దర్గా, చర్చి, జైనుల మందిరం, అన్నీ కూతవేటు దూరంలో ఉన్నాయి.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగా అంటాను. మీ జాబితాలో మన ఉత్తరాంధ్ర వాళ్లెవరు? తప్పెటగుళ్ల వాళ్లేరీ? గొల్లలు రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, గంగమ్మ జాతరలో రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో ఎగురుతూ, ఆ ఎగురుడులోనే పాడుతూ ఉంటారు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకడి భుజం మీద ఒకడెక్కి నిలబడి మరీ వాయిస్తారు. జముకుల కథ చెప్పేవాళ్లేరీ? జముకు చూశారా, ఒక పక్క తోలు మూసిన డొల్ల, దాని మధ్యలోంచి ఒక నరం, దాన్ని లాగి మీటితే కుక్క మూలిగినట్టు, కొండ పలికినట్టు ఒక శబ్దం. ఆ శబ్దం మీద రాత్రంతా అమ్మవారి కథ నడుస్తుంది. పుస్తకమున్న మతాలన్నిటికీ కుర్చీలు వేశారు గానీ, పుస్తకం లేని అమ్మవార్లకి చాప కూడా వేయలేదు. మన సింహాచలం కృష్ణమాచార్యుల వారిని చూడండి. కాకతీయుల కాలం మనిషి, అన్నమయ్య కంటే ముందే అప్పన్న మీద వచనాలు పాడాడు. పద్యం కాదు, ఛందస్సు లేదు, ఉత్త మాట, దేవుడితో మాట్లాడినట్టు. నాలుగు లక్షలు చెప్పాడంటారు, మనకి మిగిలినవి కొన్ని మాత్రమే. ఎందుకు పోయాయి? కాపాడేవాడు లేక. తప్పెటగుళ్లూ అదే దారిలో ఉన్నాయి. వచ్చే ఏడాదికి వాళ్లని పిలవండి, పిలిస్తే చివరి అయిదు నిమిషాలు కాదు, మంచి టైము ఇవ్వండి, బస్సు ఖర్చులతో పాటు అందరితో సమానంగా పారితోషికం ఇవ్వండి.

సరే, టైము అయిపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(శ్రోతల్లోంచి ఒక అమ్మాయి: "సార్, నేను చర్చి క్వయర్‌లో పాడతాను. నాకు కవ్వాలీ నేర్చుకోవాలని ఉంది. మా ఇంట్లో ఏమంటారో అని భయం.")

నేర్చుకోమ్మా. కానీ యూట్యూబ్ చూసి కాదు. ఇవాళ పాడబోయే కవ్వాల్ గారి దగ్గరికి వెళ్లి అడుగు. మొదట నీకు పాట నేర్పరు, చప్పట్లు నేర్పుతారు. వెనక వరసలో కూర్చుని నెలల తరబడి చప్పట్లే కొట్టాలి. తాళం ఒంట్లోకి ఎక్కాలి కదా. ఇంట్లో వాళ్లని కూడా ఒకసారి తీసుకురా, వాళ్లు వింటే సగం భయం పోతుంది. మిగతా సగం సంగతి నేనెందుకు అబద్ధం చెప్పాలి, కొన్ని ఇళ్లలో పోదు. అప్పుడు నువ్వే తేల్చుకోవాలి.

(ఒక పెద్దాయన: "అమృత్‌సర్‌లో హార్మోనియం తీసేస్తున్నారని విన్నాం, నిజమేనా?")

2022లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ వాళ్లు చెప్పారండీ, హర్‌మందిర్ కీర్తనలో హార్మోనియం మెల్లమెల్లగా తగ్గించి, పాత తంత్రీ వాయిద్యాలు, రబాబ్, సారందా లాంటివి మళ్లీ తెమ్మని. పెట్టె దొరలతో వచ్చింది కదా అని వాళ్ల వాదన. నా పొట్ట మీద కొట్టే మాటే గానీ, వాళ్ల వాదనలో పస ఉంది. రబాబ్ మీద స్వరం ఊగుతుంది, నా పెట్టె మీద ఊగదు. ఇందాక వినిపించాను కదా. రబాబ్ వాయించే పిల్లలు పదిమంది తయారైతే నేను సంతోషంగా వెళ్లి వింటాను. అయితే ఊరూరా గురుద్వారాల్లో అంత తొందరగా పెట్టె పోదనుకుంటున్నాను. మోసుకెళ్లడానికి తేలిక, నేర్చుకోవడానికి తేలిక, చెడిపోతే బాగుచేయడం మాత్రం కష్టం.

(ముందు వరసలో ఒక పిల్లవాడు: "తాతగారూ, లోపల నాలుకలు చూపిస్తారా?")

ఇప్పుడు విప్పితే కవ్వాల్ గారు నన్ను కొడతారురా, ఆయనకి ఈ పెట్టే కావాలి. రేపు పొద్దున్న పదింటికి ఇక్కడికే రా. స్క్రూలు తీసి పైపలక ఎత్తి చూపిస్తాను. మీ స్నేహితుల్ని కూడా తీసుకురా, చిప్స్ మాత్రం తేకండి, నూనె చేతులతో రీడ్లు ముట్టుకోకూడదు.

ఇక మగ్రిబ్, అంటే సూర్యాస్తమయం నమాజు వేళ అవుతోంది. అరగంట విరామం. ఆ వెనక గదిలో నమాజుకి చోటు సర్దారు, బయట టీ ఉంది. విరామం తర్వాత కవ్వాలీ. అందాకా ఆ మైకులు ఎవరూ కదపకండి, సౌండ్ సెట్టింగు పోతుంది.